రైఫిల్ తూటాల రీలోడింగ్: నికెల్ పూతతో వచ్చే చిక్కులు

రైఫిల్ తూటా పేలగానే బుల్లెట్ వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, మందుకు నిప్పంటించే ప్రైమర్ పని ముగిసిపోతుంది. చివరికి చేతిలో మిగిలేది వాటన్నిటినీ పట్టి ఉంచిన లోహపు గొట్టం ఒక్కటే. ఆ గొట్టాన్ని శుభ్రం చేసి, అసలు కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, కొత్త మందు, కొత్త బుల్లెట్ పెట్టి మళ్లీ తూటాగా తయారు చేయడమే రీలోడింగ్. చట్టం అనుమతించే దేశాల్లో లక్ష్యసాధకులూ వేటగాళ్లూ దశాబ్దాలుగా చేస్తున్న పని ఇది. గొట్టం మామూలు పసుపుపచ్చని ఇత్తడిదైతే ఎవరికీ సందేహం రాదు. వెండిలా మెరిసే నికెల్ పూత గొట్టం చేతికి వచ్చినప్పుడే అభిప్రాయాలు చీలిపోతాయి. దాన్ని ముట్టుకోవద్దనేవారు కొందరు, ఇత్తడికీ దానికీ తేడా ఏమీ లేదనేవారు మరికొందరు. ఈ రెండు మాటల్లోనూ సగం నిజమే ఉంది. పూత ఎందుకు వేశారన్నది తెలిస్తే మిగతా సగం కూడా విడిపోతుంది. నికెల్ పూత అన్నది గొట్టం మొదటి జీవితాన్ని, అంటే కార్ఖానా నుంచి తొలి కాల్పు దాకా సాగే కాలాన్ని, దృష్టిలో పెట్టుకొని వేసినది. రీలోడింగ్ చేసేవాడికి దక్కేది ఆ గొట్టం రెండో జీవితం. చిక్కులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ముందుగా పూత కింద ఉన్న లోహం సంగతి చూడాలి. తూటా గొట్టాలకు వాడే ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. ఈ పాళ్లలో కలిసిన ఇత్తడి చాలా సాగుతుంది, తిరిగి కొంత ముడుచుకుంటుంది. కాల్పు జరిగిన క్షణంలో గొట్టం ఉబ్బి, రైఫిల్‌లో తూటా కూర్చునే ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది, వాయువు వెనక్కి తన్నకుండా అడ్డుపడుతుంది. ఒత్తిడి తగ్గగానే వెంట్రుకవాసి ముడుచుకొని బయటికి వచ్చేస్తుంది. ఆ ఒత్తిడి చిన్నది కాదు. అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామీ సంస్థ లెక్క ప్రకారం పాయింట్ 308 వించెస్టర్ అనే రకం రైఫిల్ తూటాకు గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఇంతటి తోపును తట్టుకోవాలంటే గొట్టమంతా ఒకే గట్టిదనంతో ఉంటే సరిపోదు. అందుకే ప్రైమర్ కూర్చునే అడుగుభాగాన్ని గట్టిగానూ, బుల్లెట్‌ను పట్టుకునే మెడను మెత్తగానూ ఉండేలా తయారు చేస్తారు. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో చాలా పని ఉంది.

ఇత్తడికి ఒక పాత శత్రువు ఉంది. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో ఉన్న రోజుల్లో వర్షాకాలం వస్తే సైనిక కార్యకలాపాలు తగ్గించి, తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే చాలా గొట్టాలు వాటంతట అవే పగిలి ఉండేవి. కాల్చింది లేదు, కొట్టింది లేదు, మరి ఎందుకు పగిలాయో అప్పట్లో అర్థం కాలేదు. ఋతువును బట్టి వచ్చే పగుళ్లని పేరు మాత్రం పెట్టారు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు దీని గుట్టు విప్పారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, గొట్టాన్ని సాగదీసి తయారు చేసినప్పుడు లోహంలో చిక్కుకుపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తే ఇత్తడి చీలిపోతుందని తేల్చారు. ఇది కాక రాగి, ఇత్తడి అన్నిటికీ ఉండే చిలుము బెడద ఉండనే ఉంది. తోలు పట్టీల్లో గుచ్చి నడుముకు కట్టుకున్న తూటాలకు తోలు పదునుచేసే ఆమ్లాల వల్ల పచ్చని చిలుము పట్టి, అవి పట్టీలోనే అతుక్కుపోయేవి. నెలల తరబడి అలా మోసిన తూటా అవసరమైన క్షణంలో ఛాంబర్‌లోకి జారకపోతే పర్యవసానం చెప్పనక్కరలేదు.

ఈ బెడదకు విరుగుడే నికెల్. విద్యుత్తు సాయంతో ఇత్తడి మీద కొన్ని మైక్రాన్ల మందాన నికెల్‌ను పట్టిస్తారు. వెంట్రుక మందంలో అది చిన్న భాగం మాత్రమే. ఇత్తడి పాత్రకు వేసే కళాయితో పోల్చాలనిపిస్తుంది కానీ పోలిక సగం దూరమే వస్తుంది. కళాయిలోని తగరం మెత్తనిది, కింది లోహం వంగితే తానూ వంగుతుంది. నికెల్ అలా కాదు, అది గట్టిది, బిరుసుది. ఆ గట్టిదనం వల్లే గొట్టం నున్నగా ఉంటుంది, మ్యాగజీన్ నుంచి ఛాంబర్‌లోకి చప్పున జారుతుంది, కాల్చాక తేలిగ్గా ఊడి వస్తుంది. చేతి చెమటకు మచ్చ పడదు. మసక వెలుతురులో ఛాంబర్ తెరిచి చూస్తే తూటా ఉందో లేదో తెల్లగా కనబడుతుంది. పోలీసు తూటాలకూ, ఖరీదైన వేట తూటాలకూ ఈ పూత ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. అలంకారం కోసం వేసిన మెరుగు అనుకోవడం పొరపాటు. కానీ ఇక్కడ చెప్పిన లాభాలన్నీ తొలి కాల్పుతో దాదాపు ముగిసిపోయేవేనన్నది కూడా గమనించాలి.

రెండో జీవితంలో గొట్టం పడే పాట్లు వేరు. కాల్చినప్పుడు మెడ ఉబ్బుతుంది. గొట్టాన్ని అసలు కొలతకు తెచ్చే అచ్చైన డైలోకి తోసినప్పుడు కుంచించుకుపోతుంది. డై లోపల ఉన్న ఎక్స్‌పాండర్ గుండు బయటికి వస్తూ మళ్లీ దాన్ని కొద్దిగా వెడల్పు చేస్తుంది. చివరికి బుల్లెట్ దిగినప్పుడు ఇంకొంచెం సాగుతుంది. అంటే ఒక్క చుట్టులో మెడ లోహం నాలుగుసార్లు కదులుతుంది. తీగను ఇటూ అటూ వంచుతూ పోతే అది మొదట గట్టిపడి, తర్వాత విరిగిపోయినట్టే ఇత్తడి కూడా ప్రతి కదలికకూ కాస్త గట్టిపడుతూ, సాగే గుణాన్ని పోగొట్టుకుంటూ వస్తుంది. పూత లేని గొట్టంలో కథ ఇంతే. పూత ఉన్నదానిలో లెక్క మారుతుంది. లోహం సాగడానికి ఎంత మొరాయిస్తుందో తెలిపే సాగుదల గుణకం ఇత్తడికి సుమారు 110 గిగాపాస్కల్ అయితే నికెల్‌కు దాదాపు 200. రెండూ అతుక్కొని ఉన్నాయి కనుక సాగేది ఒకే మేర. కానీ అదే సాగుదలకు నికెల్ పొర మోసే బిగువు ఇంచుమించు రెట్టింపు. పైగా విద్యుత్తుతో పట్టించిన నికెల్‌కు ఇత్తడికున్నంత ఓర్పు లేదు. కొన్ని చుట్లలోనే ఆ పొరలో కంటికి ఆనని సన్నని పగుళ్లు పుడతాయి. గుడ్డను చేత్తో చింపడం కష్టమైనా అంచున చిన్న గాటు పెడితే సర్రున చినిగినట్టు, ఆ పగుళ్లు కింది ఇత్తడికి గాట్లుగా పనిచేస్తాయి. నికెల్ గొట్టాల మెడ పూత లేనివాటి కంటే ముందుగా చీలుతుందని రీలోడింగ్ చేసేవారు చెప్పే మాటకు మూలం ఇదే.

మెడ చీలడమంటే తుపాకి పేలిపోవడమని భయపడనక్కరలేదు. చీలిన మెడ ఛాంబర్ గోడ ఆసరాతోనే ఉంటుంది. కాస్త వాయువు పక్కకు పోతుంది, గోడకు మసి పడుతుంది, బుల్లెట్ మీద పట్టు సమంగా లేక గురి చెడుతుంది. ఆ గొట్టం పారేయవలసినదే, సందేహం లేదు, కానీ ప్రాణాపాయం అక్కడ లేదు. అసలు అపాయం అడుగుకు కాస్త పైన, గోడ మందం మారే చోట ఉంది. డైతో గొట్టం భుజాన్ని, అంటే మెడ కింద వాలుగా వెడల్పయ్యే భాగాన్ని, అవసరానికి మించి వెనక్కి నెట్టితే ప్రతి కాల్పుకూ గొట్టం పొడవునా సాగి అక్కడ గోడ పలచబడుతుంది. ఒకనాడు అడుగు విడిపోయి, వేడి వాయువు ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టు వైపు తన్నుకొస్తుంది. ఇత్తడి గొట్టం అయితే ముందుగానే ఆ చోట చుట్టూ ఒక మెరుపు గీత కనిపించి హెచ్చరిస్తుంది. నికెల్ గొట్టం ఒళ్లంతా మెరుపే కాబట్టి ఆ గీత అందులో కలిసిపోతుంది. నా దృష్టిలో నికెల్ పూతకు వ్యతిరేకంగా చెప్పదగిన బలమైన మాట ఇదే. మెడ చీలికల గురించి జరిగే చర్చలో సగం కూడా దీని గురించి జరగదు.

దీనికి కంటి కంటే వేలును నమ్మడమే మార్గం. సన్నని ఉక్కు తీగ కొసను సాదాగా పదునుపెట్టి, చివర చిన్న కొక్కెంలా వంచి, గొట్టం లోపలికి దించి అడుగు దాకా పోనివ్వాలి. అక్కడి నుంచి గోడకు ఆనించి నెమ్మదిగా పైకి లాగితే మంచి గొట్టంలో తీగ ఏ ఆటంకమూ లేకుండా జారి వస్తుంది. పలచబడిన గొట్టంలో అడుగుకు కాస్త పైన ఒక పల్లంలో కొస దిగి తట్టుకుంటుంది. ఆ తట్టు వేలికి స్పష్టంగా తెలుస్తుంది. ఇత్తడి గొట్టాలకు ఇది అదనపు జాగ్రత్త, నికెల్ వాటికి మాత్రం తప్పనిసరి.

గట్టిపడిన మెడను తిరిగి మెత్తబరచడానికి ఇత్తడి వాడేవారు అనీలింగ్ చేస్తారు, అంటే మెడను కొద్ది సెకన్లు కాచి చల్లారనిస్తారు. అంత తక్కువ వ్యవధిలో పని జరగాలంటే మెడ దగ్గర వేడి 400 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకు, ఆపైకి వెళ్లాలి. ఆ వేడి అడుగుకు పాకకూడదు. గట్టిగా ఉండవలసిన అడుగు మెత్తబడితే ఆ గొట్టం ఇక తూటాకు పనికిరాదు, వాడితే చేటు. ఇత్తడి మీద వేడి ఎక్కడి దాకా పాకిందో రంగు చెబుతుంది, మెడ నుంచి భుజం దాకా నీలిఛాయ దిగుతుంది. నికెల్ పూత ఆ రంగును కప్పేస్తుంది, తానేమో వేరే ఛాయకు తిరుగుతుంది. ఇత్తడికి అలవాటుపడిన కన్ను అక్కడ మోసపోతుంది. ఇంకో సంగతి, 70-30 ఇత్తడి 915 నుంచి 955 డిగ్రీల మధ్య కరుగుతుంటే నికెల్ కరిగేది 1,455 డిగ్రీల దగ్గర. ఇత్తడికి సరిపోయే కొద్ది సెకన్ల వేడి నికెల్ పొరను కూడా అంతే మెత్తబరుస్తుందన్న భరోసా లేదు. వేడికి ఇత్తడి నికెల్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక రెండిటి మధ్య అతుకు మీద కొత్త లాగుడు కూడా పడుతుంది. వేడి తగలగానే రంగు మారే సూచిక పూతలు రాసి, కాలాన్ని కచ్చితంగా లెక్కించే యంత్రంతో చేసేవారున్నారు, వారిని తప్పు పట్టను. మంట చూసి, కంటితో అంచనా కట్టి చేసే పద్ధతిని మాత్రం నికెల్ గొట్టాల దగ్గర మానుకోవడమే మేలు.

ఇక పనిముట్ల సంగతి. పూత అంచుల్లో పొరలుగా లేచిన చోట చిన్న రేకులు ఊడుతాయి. రైఫిల్ గొట్టాలకు వాడే డైలు చాలావరకు ఉక్కువి. ఆ రేకు ఉక్కు గోడలో నాటుకుందంటే తర్వాత వచ్చే ప్రతి గొట్టం మీదా నిలువుగా ఒక గీత గీస్తుంది. గీత గొట్టం లోపమా, డై లోపమా అన్నది తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. గీత పడిన గొట్టాన్ని పావు చుట్టు తిప్పి మళ్లీ డైలోకి తోయాలి. మొదటి గీతకు పావు చుట్టు దూరంలో రెండో గీత పడితే నేరం డైదే. అప్పుడు డై విప్పి, గుడ్డతో గట్టిగా తుడిచి, అవసరమైతే మెత్తని పాలిషింగ్ పేస్టుతో రేకును వదలగొట్టాలి. టంగ్‌స్టన్ కార్బైడ్ డైలలో ఈ బాధ తక్కువ, కానీ అవి ఎక్కువగా తిన్నని పిస్టల్ గొట్టాలకు దొరికేవే. సీసా ఆకారంలో మెడ ఉన్న రైఫిల్ గొట్టాలకు అరుదు. అందుకే నికెల్ గొట్టాలను కట్టగా వేరుచేసి, ఇత్తడి వాటి పని ముగిశాకే డైలోకి పంపడం మంచిది. తప్పనిసరిగా చెప్పవలసిన మాట మరొకటి. గొట్టం నున్నగా ఉంది కదా అని లూబ్రికెంట్ రాయకుండా డైలోకి తోసేవారు ఉంటారు. ఆ నునుపు ఛాంబర్‌కు సరిపోతుంది, లోహాన్ని నలుమూలల నుంచి పిండే డైకి చాలదు. గొట్టం లోపలే బిగుసుకుపోతే దాన్ని పెకలించడానికి ఒక పూట పడుతుంది. మెడ లోపలా పూత ఉంటుంది కాబట్టి అక్కడ కూడా పొడి గ్రాఫైట్ లాంటిదేదైనా అద్దాలి.

కొన్నిసార్లు కాల్చిన గొట్టం పొడవు పెరుగుతుంది, దాన్ని కత్తిరించాలి. పాయింట్ 308 వించెస్టర్ గొట్టానికి గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, కత్తిరించినప్పుడు దాన్ని 2.005కు తెస్తారు. నికెల్ మీద కట్టరు త్వరగా మొద్దుబారుతుంది. అంతకంటే ముఖ్యమైనది కత్తిరించాక ఆ మూతి ఎలా ఉంటుందన్నది. భూతద్దం కింద పెడితే అంచు పొడవునా మూడు పట్టీలు కనబడతాయి, బయట తెల్లని సన్నగీత, మధ్యలో పచ్చని ఇత్తడి, లోపల మళ్లీ తెల్లని గీత. ఆ లోపలి తెల్లగీత అక్కడక్కడ పంటిలా బయటికి పొడుచుకొని ఉంటుంది. బుల్లెట్‌ను ఇలాగే దించితే ఆ పళ్లు దాని రాగి తొడుగును గీకి, రాగి పొట్టును బుల్లెట్ చుట్టూ ఉంగరంలా లేపుతాయి. లోపలి అంచును చాంఫర్ పనిముట్టుతో వాలుగా, మామూలుకంటే మెల్లగా, తక్కువ ఒత్తిడితో గీకి, ఉక్కు ఉన్నితో ఒకసారి తిప్పితే ఆ బాధ పోతుంది. పూత లేచిన రేకులు వేలిగోరుకు తగిలితే వాటిని లోపల వదిలి బుల్లెట్ దించకూడదు, అవి రైఫిల్ బ్యారెల్‌లోకే పోతాయి. మెడ మందం సమం చేయడానికి ఇత్తడి గొట్టాలకు చేసే మెడ చెక్కుడు మాత్రం వీటి దగ్గరకు తేకపోవడమే మంచిది. అది పూతను సగం చోట్ల తీసి సగం చోట్ల వదిలేస్తుంది, కట్టరు కూడా పాడవుతుంది.

శుభ్రం చేయడంలో పెద్ద రహస్యమేమీ లేదు. మొక్కజొన్న కండె పొడి, వాల్‌నట్ చిప్ప పొడి వంటి పొడి పదార్థాల్లో కొద్దిసేపు దొర్లిస్తే చాలు. స్టీల్ పుల్లలతో నీళ్లలో గంటల తరబడి దొర్లించడం పూతను అరగదీస్తుంది. అమోనియా కలిసిన మెరుగు ద్రావణాలు ఏ ఇత్తడికీ మంచివి కావు, గుర్రపుశాల కథ చదివినవారికి కారణం చెప్పనవసరం లేదు. పూత చెక్కుచెదరనంతవరకు నికెల్ కవచమే, కానీ చీలిన చోట అమోనియా నేరుగా ఇత్తడికే తగులుతుంది. ప్రైమర్ విషయానికొస్తే, అడుగున ఒకే రంధ్రం ఉండే బాక్సర్ రకమే రీలోడింగ్‌కు అనువు, రెండు రంధ్రాల బెర్డాన్ రకంలో పాత ప్రైమర్‌ను పీకడమే ఒక యుద్ధం. ఈ రకాలను రూపొందించిన ఇద్దరిలో బాక్సర్ ఆంగ్లేయుడు, బెర్డాన్ అమెరికన్. అమెరికాలో బాక్సర్ రకం, ఐరోపాలో చాలాచోట్ల బెర్డాన్ రకం స్థిరపడడం చరిత్రలో ఒక చిలిపి మలుపు.

మందు పాళ్ల దగ్గర నికెల్ గొట్టాన్ని చూసి ప్రత్యేకంగా భయపడనక్కరలేదు, కానీ ఇత్తడి గొట్టానికి కుదిరిన పాళ్లను కళ్లు మూసుకొని దీనికి వాడకూడదు. గొట్టం లోపలి ఘనపరిమాణం తయారీదారును బట్టి మారుతుంది, పూత వల్ల వచ్చే తేడా దాని ముందు చిన్నది. లోపల చోటు తగ్గితే అదే మందుకు ఒత్తిడి పెరుగుతుంది. ఒకే తయారీదారు, ఒకే పూత ఉన్న గొట్టాలను ఒక కట్టగా చేసి, ప్రచురిత పట్టికలోని ప్రారంభ పాళ్ల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లడమే పద్ధతి. నున్నని మెడలో బుల్లెట్ మీద పట్టు కూడా ఇత్తడిలో ఉన్నంత ఉండకపోవచ్చు. అందుకని రెండు రకాలనూ ఒకే డబ్బాలో కలిపి కాల్చి గురి చెదిరిందని తుపాకిని నిందించడం తగదు.

ఇంత చెప్పాక వీటిని వాడాలా వద్దా అంటే, ఉపయోగాన్ని బట్టి అని నా సమాధానం. వారానికి వందల గుండ్లు కాల్చి, ఒక్కో గొట్టాన్ని పదిసార్లకు పైగా నింపుకోవాలనుకునే లక్ష్యసాధకుడికి ఇత్తడే తగినది, అందులో చర్చ లేదు. ఏడాదిలో కొద్ది గుండ్లు మాత్రమే కాల్చి, వానలో, తోలు సంచుల్లో, చెమట చేతుల్లో తూటాలను మోసే వేటగాడికి నికెల్ గొట్టం రెండో జీవితంలోనూ పనికొస్తుంది. తన సాధన తూటాలు పచ్చగా, వేట తూటాలు తెల్లగా ఉంటే మసక వెలుతురులో కూడా రెండూ కలిసిపోవు. ఎన్నిసార్లు నింపవచ్చన్నదానికి అందరికీ వర్తించే అంకె లేదు. అది ఒత్తిడిని బట్టీ, ఛాంబర్ వదులును బట్టీ, డై ఎంత పిండుతుందన్నదాన్ని బట్టీ మారుతుంది. కట్టలో ఒక్క మెడ చీలినా ఆ కట్టలోని మిగతావీ ఆ దారిలోనే ఉన్నాయనుకోవాలి. కట్ట డబ్బా మీద ప్రతి కాల్పుకూ ఒక గీటు పెట్టుకుంటే ఈ లెక్క జ్ఞాపకం మీద ఆధారపడదు.

తీసేసిన గొట్టాన్ని చెత్తబుట్టలో వేసేముందు పట్టుకారుతో మూతిని నలిపేయాలి. లేకపోతే మళ్లీ ఎప్పుడో మంచివాటిలో కలిసి డైలోకి వస్తుంది. పాత లోహంగా అమ్మేవారు దీన్ని పసుపు ఇత్తడిలో కలపకుండా వేరే సంచిలో వేయడం మరవకూడదు, ఎందుకంటే కరిగించినప్పుడు నికెల్ ఆ ఇత్తడి పాళ్లను మారుస్తుంది.